పేరొక్కటే, శక్తి వేరు!
గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుగోలులో గమనించవలసింది వాట్లనే

న్యూఢిల్లీ: దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ మార్కెట్‌కు లక్ష రూపాయలతో గేమింగ్ ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లేవారు గ్రాఫిక్స్ చిప్ పేరు ఒక్కటే చూస్తే నష్టపోయే అవకాశముంది. 18 శాతం జిఎస్‌టి పోగా ఆ లక్షలో సరుకుకు దక్కేది సుమారు 84,700 రూపాయలే.

ఎన్విడియా సంస్థ 2023లో విడుదల చేసిన ఆర్‌టిఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌కు తయారీదారులు 35 నుంచి 115 వాట్ల వరకు విద్యుత్తును కేటాయించవచ్చు. వాట్లు తగ్గితే ఆటలో వేగమూ తగ్గుతుంది. పెట్టెపై పేరు మాత్రం మారదు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డిలను చాలా మోడళ్లలో తర్వాత పెంచుకోవచ్చు. మదర్‌బోర్డుకు అతికిన గ్రాఫిక్స్ చిప్‌ను మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు. కనుక బేరానికి ముందే వాట్ల సంఖ్యను, వేడిని వెలుపలికి పంపే ఏర్పాట్లను విచారించి, మిగిలిన సొమ్మునే ఇతర హంగులకు వెచ్చించడం మేలు.