ఇంజిను దాహం

పాఠ్యాంశ ఉద్దేశం

యంత్రాన్ని నడిపే వారు అనేకులు. దాని స్వభావాన్ని ఎరిగి నడిపేవారు కొందరే. మండు వేసవిలో పాత వాహనాల ఇంజిన్లు ఎందుకు మరుగుతాయో, అటువంటి వేళ ప్రాణానికీ యంత్రానికీ హాని కలగకుండా ఏ విధంగా మెలగాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగువారి సామెత. మే నెల చివరి వారంలో ప్రవేశించే ఆ కార్తె ఎండలు ఉత్తర తెలంగాణ ప్రజలకు సామెతగా కంటె అనుభవంగానే ఎక్కువ పరిచయం. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో, ముఖ్యంగా రామగుండం, జగిత్యాల, మంచిర్యాల ప్రాంతాలలో, పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటడం వింత కాదు. గోదావరి ఇసుక తిన్నెలూ, రాతి గుట్టలూ, నల్లని తారు రోడ్లూ పగలంతా వేడిని తాగి, సాయంత్రం దాకా వెళ్లగక్కుతూ ఉంటాయి.

ఇటువంటి ఎండలో ప్రయాణించడం ఎట్లాగో పూర్వులకు బాగా తెలుసు. వేసవిలో ఎడ్లబండి కట్టేవాడు కోడి కూసే వేళకే బయలుదేరేవాడు. పొద్దు నడినెత్తికి రాకముందే ఏ మర్రి నీడనో, చెరువు గట్టుననో బండి విప్పి, ఎడ్లకు నీళ్లు తాపి, తానూ సేదదీరేవాడు. ఎండ వాలిన తరువాతనే మళ్లీ కాడి ఎత్తేవాడు. ఎడ్లు రొప్పుతుంటే తోలరాదన్న ఇంగితం ఆ బండివాడిది. మోటారు వచ్చిన తరువాత మనిషి ఆ ఇంగితాన్ని మరచిపోయాడు. యంత్రానికి అలసట లేదని భ్రమించాడు. నిజానికి ఇంజినుకు కూడా దాహం ఉంది. అది రొప్పుతున్నదని చెప్పే గుర్తులూ ఉన్నాయి.

నిజాం సంస్థానంలో ప్రభుత్వ రవాణా 1932లో ఆరంభమైంది. నిజాం రాష్ట్ర రైల్వే సంస్థకు అనుబంధంగా ఏర్పడిన రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో పని మొదలుపెట్టింది. ఆనాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండ్ దేశపు గ్లాస్గో నగరానికి చెందిన సంస్థ తయారుచేసినవి. చల్లని దేశంలో రూపొందిన యంత్రాలు దక్కను పీఠభూమి ఎండలోకి వచ్చాయి. తరువాతి కాలంలో కూడా, ముందుభాగం ముక్కులా పొడుచుకొని వచ్చిన పాత బస్సులు ఎత్తులు ఎక్కేటప్పుడు పొగలు కక్కితే డ్రైవరు బండిని పక్కకు ఆపడం, డబ్బా పట్టుకొని నీటికోసం వెతకడం ప్రయాణంలో ఒక భాగంగా ఉండేది.

ఇంజినులో ఇంధనం మండినప్పుడు పుట్టే శక్తిలో స్థూలంగా మూడోవంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మరో మూడోవంతు పొగగొట్టం గుండా వేడి వాయువులతో పాటు వెళ్లిపోతుంది. మిగిలిన మూడోవంతు ఇంజిను లోహానికి పడుతుంది. లోపల మండే వాయువుల వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరుగుతుంది. అయినా ఇంజిను కరగకపోవడానికి కారణం దాని చుట్టూ నిరంతరం తిరిగే నీరు. ఆ నీరు లోహపు వేడిని మోసుకొనిపోయి, రేడియేటరు సన్నని గొట్టాలలో గాలికి అప్పగించి, చల్లబడి తిరిగి వస్తుంది. అట్లాగని ఇంజిను పూర్తిగా చల్లగా ఉండడమూ మేలు కాదు. అది 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే నూనె సాఫీగా పారుతుంది, ఇంధనం చక్కగా మండుతుంది. కాబట్టి కావలసింది వేడిని రూపుమాపడం కాదు, హద్దులో నిలపడం.

ఎండ ఈ హద్దును ఎట్లా చెరుపుతుందో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. రేడియేటరులోని నీరు 95 డిగ్రీల వద్ద ఉన్నదనుకొందాం. బయటి గాలి 25 డిగ్రీలైతే రెండింటికీ తేడా 70 డిగ్రీలు. గాలి 45 డిగ్రీలైతే తేడా 50 డిగ్రీలు మాత్రమే. వేడి ఈ తేడాను అనుసరించే ప్రవహిస్తుంది. అంటే చలికాలంలో ఆ రేడియేటరు విడుదల చేయగల వేడిలో సుమారు ముప్ఫై శాతం రోహిణీ కార్తెలో తగ్గిపోతుంది. కొత్త వాహనానికి ఈ లోటును తట్టుకొనే వెసులుబాటు ఉంటుంది. పాతదానికి ఆ వెసులుబాటు ఏనాడో కరిగిపోయి ఉంటుంది.

దీనికి ఘాట్ రోడ్డు తోడైతే కష్టం రెట్టింపు. నిర్మల్ నుంచి ఆదిలాబాద్‌కు పోయే పాత రహదారిలోని మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్, ఉట్నూరుల మధ్య ఉన్న కెరమెరి ఘాట్ అడవుల నడుమ మెలికలు తిరుగుతూ ఎక్కే దారులు. పది టన్నుల బస్సు వంద మీటర్ల ఎత్తు ఎక్కాలంటే సుమారు కోటి జౌళ్ల పని జరగాలి. పైన చెప్పిన మూడోవంతు లెక్క ప్రకారం దాదాపు అంతే వేడి నీటిలోకీ చేరుతుంది. మరుగుతున్న నీటిని నాలుగు లీటర్లకు పైగా ఆవిరి చేయడానికి ఆ వేడి చాలు. పైగా ఎత్తు మీద బండి నెమ్మదిగా నడుస్తుంది కనుక ఎదురుగాలి సాయం ఉండదు. వెనుకనుంచి గాలి వీస్తే ఉన్న సాయమూ పోతుంది. ఫ్యాను ఒక్కటే దిక్కు. దాని బెల్టు వదులైతే ఆ దిక్కూ లేదు.

పాత ఇంజిన్ల నిర్మాణంలోనే కొన్ని పరిమితులున్నాయి. తొలినాటి కార్లలో కొన్నింటికి నీటిని తిప్పే పంపే లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతే, చల్లబడినది కిందికి దిగేది. ఫోర్డ్ సంస్థవారి టి మోడల్ కార్లలో అత్యధికం ఈ పద్ధతిలోనే నడిచాయి. నీటిని ఒత్తిడిలో ఉంచే మూత రాక పూర్వం రేడియేటరు నీరు 100 డిగ్రీల వద్దనే మరిగేది. గాలి పీడనానికి సమానమైన అదనపు ఒత్తిడిని నిలిపే మూత ఉంటే అదే నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. మూతలోని రబ్బరు ఎండి చిట్లితే ఆ రక్షణ పోతుంది. బోరు నీరు మరొక శత్రువు. అందులోని సున్నపు లవణాలు, వంటపాత్ర అడుగున కట్టినట్లే, ఇంజిను లోపల పొరకడతాయి. నీరు పారుతున్నా ఆ పొర వేడిని దాటనివ్వదు. బయట పేరుకొన్న దుమ్ము, పురుగులు, పత్తి పీచు రేడియేటరు రంధ్రాలను మూసివేసి గాలిని అడ్డగిస్తాయి. కార్బురేటరు ఉన్న పాత పెట్రోలు బండ్లలోనైతే ఇంధనం గొట్టంలోనే ఆవిరై, ఇంజిను నడిరోడ్డు మీద ఆగిపోవడమూ కద్దు.

ఈ కష్టాలన్నీ ఒకేచోట కూడిన వాహనం పాత మోటారు ఇల్లు. పడకలు, వంటగది, నీటి తొట్టి గల ఇటువంటి వాహనాలను విన్నెబాగో సంస్థ అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1966 నుంచి తయారు చేసింది. ఆ కాలపు వాహనాలను మక్కువతో కాపాడుకొనేవారు నేటికీ ఉన్నారు. మన దేశంలోనూ పాత వ్యానును, బస్సును కొని ఇల్లుగా మలచుకొనేవారున్నారు. ఇంటి బరువంతా మోస్తూ, గోడవంటి ముఖంతో గాలిని తోసుకుంటూ పోయే ఆ బండికి భారం ఎక్కువ. చాలావాటిలో ఇంజిను ముందు సీట్ల నడుమ మూత కింద ఉంటుంది. దాని సెగ నేరుగా లోపలివారికి తగులుతుంది. ఏసీ యంత్రం వదిలే వేడిగాలి రేడియేటరు మీదుగానే పోతుంది.

కనుక ప్రయాణానికి ముందే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. రేడియేటరును లోపలా బయటా శుభ్రం చేయించాలి. మెత్తబడిన రబ్బరు గొట్టాలను, అరిగిన బెల్టును మార్చాలి. బోరు నీటికి బదులు శుద్ధజలం, తగిన కూలెంటు వాడాలి. ఇవి చేయక దారిలో వగచడం ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం వంటిది. దారిలో డ్రైవరు చూపు తరచుగా ఉష్ణోగ్రతను చూపే ముల్లు మీదికి పోవాలి. ముల్లు రోజూ నిలిచే చోటు దాటితే ఏసీ ఆపాలి. ఎత్తు మీద పెద్ద గేరులో ఇంజినును ఈడ్పించక చిన్న గేరు వేసి, యాక్సిలరేటరును తేలికగా తొక్కాలి. లోపలి హీటరు ఉంటే దానిని తెరవాలి. మండుటెండలో హీటరు పెట్టడం విపరీతంగా తోచవచ్చు. కాని అది ఇంజినుకు రెండవ చిన్న రేడియేటరు.

అప్పటికీ ముల్లు దిగకపోతే నీడ చూసి ఆగాలి. నీరు కారకుండా ఉంటే ఇంజినును కొంతసేపు ఖాళీగా తిరగనివ్వడం మేలు. ఫ్యాను, పంపు పనిచేసి వేడిని లాగివేస్తాయి. ఆవిరి చిమ్మినా, నీరు కారినా వెంటనే ఆపివేయాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. నీరంతా పోయినప్పుడు కొలిచే పరికరానికి నీరు తగలక, ముల్లు కిందికి పడిపోవచ్చు. దానిని చూసి వేడి తగ్గిందని సంతోషించేవాడు ఇంజినును పోగొట్టుకొంటాడు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది తొందరపడి మూత తెరవడం. ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటిన నీరు, మూత తీయగానే ఒక్క పెట్టున ఆవిరిగా మారి పైకి లేస్తుంది. ముఖం, చేతులు కాలడానికి క్షణం చాలు. కనీసం అరగంట ఆగి, ఇంజిను చల్లబడిన తరువాతనే మందపాటి గుడ్డతో మూతను కొద్దిగా తిప్పి, ఒత్తిడి పోనిచ్చి, ఆపైన తీయాలి. వేడి ఇంజిను మీద చన్నీళ్లు కుమ్మరించడం మరో పొరపాటు. రోళ్లు ఎండకు పగులుతాయో లేదో కాని, కాలిన పోత ఇనుము హఠాత్తుగా చల్లబడితే పగలడం మాత్రం నిజం.

ఆగిన అరగంటలో మనుషుల సంగతి మరువరాదు. ఎండలో నిలిచిన ఇనుప పెట్టె వంటి బండిలో పసివారు, వృద్ధులు ఉంటే వారిని ముందుగా నీడకు చేర్చి, నీరు తాగించాలి. మానవదేహం కూడా 37 డిగ్రీల సమీపంలో పనిచేసే యంత్రమే. చెమట దానికి రేడియేటరు. నీరు తగ్గితే ఆ ఏర్పాటూ చెడి వడదెబ్బ తగులుతుంది. ఇంజినును తిరిగి కొనవచ్చు.

వేసవి రాగానే తెలంగాణ ఊళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. దారిన పోయేవారెవరైనా రంజన్‌లోని చల్లని నీరు తాగి సాగిపోతారు. అమెరికాలో అతి తీవ్రమైన వేడికి పేరుపడిన డెత్ వ్యాలీ దారుల పక్కన వాహనాల రేడియేటర్ల కోసమే నీటితొట్లు నిలిపారు. అవి యంత్రాల చలివేంద్రాలు. రెండు చోట్లా కనిపించే వివేకం ఒక్కటే: ఎండను ఎదిరించలేనప్పుడు ఆగి, దాహం తీర్చుకొని సాగాలి. తెల్లవారుజామున బయలుదేరి నడి పొద్దున నీడకు చేరిన బండివాడి నేర్పు నేటి మోటారుకూ వర్తిస్తుంది. ఆగడం అపజయం కాదు. గమ్యం చేరడానికి అది ఒక మార్గం.

అర్థాలు

ఇంగితం : సందర్భాన్ని గ్రహించే తెలివి
సేదదీరు : అలసట తీర్చుకొను
వెసులుబాటు : సౌలభ్యం, అవకాశం
కద్దు : కలదు
పోత ఇనుము : కరిగించి అచ్చులో పోసిన ఇనుము
రంజన్ : తాగునీరు నిలువచేసే మట్టిపాత్ర
చలివేంద్రం : బాటసారులకు ఉచితంగా మంచినీరిచ్చే చోటు

ప్రశ్నలు

1. ఇంజినులోని వేడిని రూపుమాపడం కాక హద్దులో నిలపడం ఎందుకు అవసరమో వివరించండి.
2. గ్రీష్మంలో ఘాట్ రోడ్డు ఎక్కే పాత వాహనం ఎదుర్కొనే ఇబ్బందులను తెలపండి.
3. ఉష్ణోగ్రతను చూపే ముల్లు ఏ సందర్భంలో మోసం చేస్తుంది?
4. ఎడ్లబండివాడి నడవడి నుంచి నేటి డ్రైవరు నేర్వవలసిన పాఠం ఏమిటి?