ట్రాక్టర్‌ చౌకే... మరి బాడుగ?

పాత ట్రాక్టర్‌ బేరం కుదరగానే సంబరపడిపోతే సరిపోదు. దాన్ని లారీ ఎక్కించి ఇంటి ముందు దింపేదాకా అయ్యే ఖర్చు కూడా ధరలో భాగమే!

కర్నూలు దగ్గర ఓ పల్లెలో మంచి ట్రాక్టర్‌ అమ్మకానికుంది. కరీంనగర్‌ వైపు రైతుకు కబురందింది. తమ ఊళ్లో అడుగుతున్న ధర కన్నా ముప్ఫై వేలు తక్కువ! ఇంకేం, మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇంజిన్‌ చూశాడు, టైర్లు చూశాడు, బయానా ఇచ్చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది... దీన్ని ఇంటికి చేర్చడమెలా?

అక్కడే ఉంది అసలు లెక్క.

రానూ పోనూ మనదే!

సీమలో బాడుగ అన్నా, తెలంగాణలో కిరాయి అన్నా లారీ యజమాని వేసే లెక్క ఒకటే. 'సరుకు దింపాక ఖాళీగా తిరిగి రావాలి కదన్నా' అంటాడు. అందులో అబద్ధం లేదు. కర్నూలు నుంచి హైదరాబాద్‌ మీదుగా కరీంనగర్‌కు దాదాపు 380 కిలోమీటర్లు. రానూ పోనూ 760. మధ్యరకం లారీ లీటరుకు ఏడు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 108 లీటర్ల పైనే కావాలి. లీటరు రూ.95 చొప్పున చూసినా ఒక్క డీజిలుకే పది వేలు దాటుతుంది. టోల్‌గేట్లు, డ్రైవర్‌ బత్తా, ఎక్కించే కూలి, యజమాని లాభం కలిపితే బాడుగ ఇరవై వేలకు దగ్గరపడినా ఆశ్చర్యం లేదు. ముప్ఫై వేల లాభంలో మిగిలేది పదే!

మరి దారి లేదా అంటే... ఉంది. అటువైపు సరుకు దింపి ఖాళీగా తిరిగొచ్చే బండిని పట్టుకోవడమే. కరీంనగర్‌ నుంచి కర్నూలుకు వచ్చిన లారీ ఎలాగూ వెనక్కి వెళ్లాలి. ఖాళీగా పోయేకన్నా తక్కువకైనా ఒప్పుకుంటుంది. అందుకు రెండు మూడు రోజులు ఆగే ఓపికుండాలి. అదే ప్రాంతానికి మరో రైతు కూడా ట్రాక్టర్‌ తెచ్చుకుంటుంటే, పొడవాటి లారీలో రెండూ ఎక్కించి బాడుగ చెరిసగం పంచుకోవచ్చు.

నడిపించుకు వస్తే?

'నాలుగు చక్రాలున్నాయిగా, లారీ దేనికి' అనుకునేవాళ్లూ ఉంటారు. పాతిక, ముప్ఫై కిలోమీటర్ల దూరమైతే ఫర్వాలేదు. కానీ గంటకు సగటున ఇరవై కిలోమీటర్ల వేగంతో 380 కిలోమీటర్లంటే పందొమ్మిది గంటలు. రెండు రోజుల ప్రయాణం. గంటకు నాలుగు లీటర్లనుకున్నా డీజిలుకు ఏడు వేల పైమాటే. డ్రైవర్‌ కూలి, తిండి, రాత్రి బస అదనం. దుక్కికి పనికిరావాల్సిన టైరు కట్లు తారురోడ్డు మీద అరిగిపోతాయి. అన్నిటికీ మించి, హైవే మీద చీకట్లో నెమ్మదిగా పోయే ట్రాక్టర్‌ వెనక వచ్చేవాళ్లకు కనపడకపోతే ప్రాణాలకే ముప్పు. మిగిలే నాలుగు రూపాయల కోసం అంత సాహసం అవసరమా?

ఎక్కించడమూ పనే

యాభై హెచ్‌పీ ట్రాక్టర్‌ బరువు దాదాపు రెండు టన్నులు. పల్లెల్లో లారీని మట్టి దిబ్బకు ఆనించి ఎక్కిస్తారు. వాలు నిటారుగా ఉంటే ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడే ప్రమాదముంది. అందుకే వాలు తక్కువున్న దిబ్బను, చెయ్యి తిరిగిన డ్రైవర్‌ను చూసుకోవాలి. ఎక్కించాక గేరు వేసి, బ్రేకు బిగించి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టి, నాలుగు మూలలా గొలుసులతో కట్టాలి. కొంతదూరం పోయాక ఆగి మళ్లీ బిగించుకోవాలి. ఊళ్లలో వేలాడే కరెంటు తీగలతో జాగ్రత్త! ట్రాక్టర్‌తో పాటు ట్రాలీ కూడా కొంటే దానికి వేరే బాడుగ తప్పదు. ఆ మాట ముందే మాట్లాడుకోవాలి.

కాగితాలు మరిచిపోతే...

2014 జూన్‌ 2 నుంచి కర్నూలు ఒక రాష్ట్రం, కరీంనగర్‌ మరో రాష్ట్రం. ట్రాక్టర్‌ను మన పేరిట మార్చుకోవాలంటే అమ్మినవాళ్ల ప్రాంతపు రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. దరఖాస్తు ఫారం 28. బ్యాంకు అప్పుంటే అది తీరినట్టు రాసిచ్చే ఫారం 35 కూడా ఉండాలి. ఇవి లేకుండా బండి తెచ్చుకుంటే, ఆ కాగితాల కోసం మళ్లీ అక్కడికి తిరిగే చార్జీలూ మన ఖాతాలోనే.

లారీకి ఇన్సూరెన్సు ఉందిగా అని ధీమా పడొద్దు. అది లారీకే. అందులో ఎక్కిన ట్రాక్టర్‌ దెబ్బతింటే వర్తించదు. సరుకు బీమా ఉందా అని అడగాలి. బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, ఎక్కించే దించే కూలి ఎవరిది... ఇవన్నీ రసీదు మీద రాయించుకోవాలి.

పంజాబ్‌లోని మోగా, తల్వండీ భాయ్‌ పాత ట్రాక్టర్ల సంతలకు పెట్టింది పేరు. అక్కడ చౌక అని ఆశపడేవాళ్లు ఒక్కసారి దూరం చూసుకోవాలి. మోగా నుంచి హైదరాబాద్‌కు దాదాపు 1900 కిలోమీటర్లు!

కాబట్టి బయానా ఇవ్వకముందే లారీవాణ్ని అడగండి. అమ్మేవాళ్లు చెప్పేది అక్కడి ధర. మనకు కావాల్సింది... మన వాకిట్లో దిగాక తేలే ధర!