సంఘమునకు కార్యదర్శి కాబోవువారికి

భివండీలోని తెలుగువారిలో పద్మశాలీలు అధికులు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము మొదలైన జిల్లాలనుండి మగ్గము పనిని నమ్ముకొని వచ్చిన కుటుంబములే హెచ్చు. వచ్చినవారు మొదట తలదాచుకొనుటకు గది చూచుకొనిరి; పిమ్మట పని చూచుకొనిరి; కడుపు నిండిన తరువాత సంఘము కట్టుకొనిరి. కులసంఘము, ఊరిపేర వెలసిన సంఘము, మార్కండేయ దేవాలయ సంఘము, బడిని నడుపు సంఘము - ఇట్లు ఒక్కొక్క కుటుంబము రెండు మూడు సంఘములలో సభ్యత్వము కలిగియుండుట మన పేటలలో వింత కాదు. కనుకనే, "మా అబ్బాయి సంఘములో పెద్దరికము వహింపగోరుచున్నాడు, వానికేమి నేర్పవలె" నని అడుగు తల్లిదండ్రులును ఉన్నారు. ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును ఇందు వివరింపబూనితిమి.

సామాన్యముగా నాయకత్వమనగానే మనకు ఉపన్యాసము స్ఫురించును. వేదికపై నిలిచి తడబడక మాటలాడువాడు యోగ్యుడనియు, మాటలాడలేనివాడు అయోగ్యుడనియు తలంతుము. మేము చూచినంతలో సంఘములు ఉపన్యాసములు లేక చెడినవి కావు. కాగితములు దొరకక చెడినవి. సాయంకాలము సభలో తీర్మానమైనది మరునాడు ఎవరికిని జ్ఞప్తియందుండదు. చందా ఇచ్చినవాడు ఇచ్చితిననును, పుస్తకములో పేరుండదు. ఇట్టి చిన్న సంగతులనుండియే పెద్ద కక్షలు పుట్టుచుండును.

అమెరికాలో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అను సైన్యపు ఇంజనీరొకడుండెను. 1863లో మసాచూసెట్సు రాష్ట్రమునందలి న్యూబెడ్‌ఫర్డు పట్టణమున ఒక చర్చివారి సభకు అధ్యక్షత వహింపుమని హఠాత్తుగా అతనిని కోరిరి. సభను నడుపు విధము అతనికి తెలియదు. సభ అదుపు తప్పినది. పరాభవము పొందిన ఆ మనుష్యుడు సభావిధానమునుగూర్చి సంవత్సరముల తరబడి చదివి, 1876లో ఒక చిన్న నియమావళిని అచ్చువేసెను. నేటికిని లోకమున అనేక సంఘములు ఆ గ్రంథము ననుసరించియే సభలు జరుపుకొనుచున్నవి. వంతెనలు, కోటలు కట్టుట నేర్చినవాడు కూడ సభ జరుపుటను వేరుగా నేర్చుకొనవలసివచ్చినదన్నమాట.

పాశ్చాత్య దేశములలోని మేసనులు మొదలైన సోదర సంఘములలో మరియొక మంచి ఆచారము కలదు. అనేక లాడ్జీలలో అధ్యక్షుడు కాగోరువాడు తిన్నగా అధ్యక్షపీఠము నెక్కడు. వడ్డన పనులు చూచు చిన్న పదవితో ఆరంభించి, ఏటేట ఒక్కొక్క మెట్టు ఎక్కుచు, అన్ని పనులు చేతితో చేసిన పిమ్మటనే పైకి వచ్చును. మనలో అట్లు కాదు. పలుకుబడి గల కుటుంబమువాడైనచో నిన్న సభ్యుడు, నేడు కార్యదర్శి! అందుచే ఎన్నికకు రెండేండ్ల ముందుగానే మన పిల్లవాడు తనంతట తానే మెట్లను ఏర్పరచుకొనుట మేలు.

మొదటి యేడు వంటపాత్రల లెక్క చూడవలెను. నవ్వవలదు. పెండ్లిండ్లకు సంఘము ఇచ్చు గుండిగలు, గంగాళములు, జంపఖానాలు ఎన్ని పోయినవి, ఎన్ని తిరిగి వచ్చినవి, ఎవరి చేతి సంతకము కలదు - ఇది తప్పులేకుండ వ్రాయగలిగినవానికి సంఘపు సొత్తుల పట్టిక వ్రాయుట కష్టము కాదు. మగ్గముల యింటిలో పెరిగిన బిడ్డకు ఇది త్వరగా తెలియును. పడుగులో ఏ పోగు తెగినదో ఆ క్షణముననే చూచి ముడివేయనిచో, గుడ్డ పొడవునను తప్పు సాగునని వాడు తండ్రి చెంత నేర్చియే యుండును. పిదప ఉత్సవముల చందాలకు రసీదు పుస్తకములు పంచు పనిని అడిగి తీసికొనవలెను. ప్రతి పుస్తకమునకు సంఖ్య యుండవలెను. ఎవరికి ఏ సంఖ్యగల పుస్తక మిచ్చిరో వ్రాసికొనవలెను. మొదటిది తిరిగి రాక రెండవది ఇయ్యరాదు. వసూలైన పైకమును ఇంటి డబ్బుతో ఒక్క దినమైనను కలుపరాదు. వేరొక సంచిలో ఉంచి, బ్యాంకి తెరచిన వెంటనే కట్టవలెను. ఈ ఒక్క అలవాటు తప్పినవారు, ఎంత నిజాయితీపరులైనను, నింద తప్పించుకొనలేరు.

రెండవ యేడు చట్టము తెలిసికొనవలెను. మన రాష్ట్రమున ధర్మసంస్థలకు 1950నాటి బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టము వర్తించును; ఇప్పుడది మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టమని పేరు మార్చుకొన్నది. భివండీ ఠాణే జిల్లాలోనిది గనుక మన సంస్థలవారు ఠాణేలోని ఛారిటీ కమిషనరు కార్యాలయమునకే పోవుచుందురు. నమోదైన సంస్థకు అచ్చట ఒక పట్టిక యుండును. అందు ధర్మకర్తల పేర్లును, స్థిరాస్తులును వ్రాయబడియుండును. ఎన్నిక జరిగి కార్యవర్గము మారినచో, మారిన దినమునుండి 90 దినములలోపల ఆ మార్పును తెలుపవలెను. దీనినే అందరును చేంజి రిపోర్టు అందురు. లెక్కలు సాధారణముగా మార్చి 31వ తేదీకి ముగించి ఆడిటరుచే తనిఖీ చేయింపవలెను.

ఇంత చిన్న విధిని ఎందరు మరతురో చెప్పనలవి కాదు. పూలమాలలు వేసి ఊరేగింపు తీయుదురు, ఫోటోలు పట్టింతురు, చేంజి రిపోర్టు మాత్రము ఇయ్యరు. అప్పుడేమగును? పట్టికలో పాత పేర్లే నిలుచును. బ్యాంకివారు క్రొత్త సంతకమునకు సందేహింతురు. మూడేండ్లకు మరియొక ఎన్నిక వచ్చును. ఆ మార్పు కూడ వ్రాయబడదు. తుదకు రెండు పక్షములు లేచి, అసలు సభ్యులెవ్వరు, ఎన్నిక చెల్లునా చెల్లదా యని వ్యాజ్యమునకు దిగును. వ్యాజ్యము నడచునన్నాళ్లు బడికి కొత్త గది వేయుటకు గాని, పంతులమ్మను నియమించుటకు గాని సంతకము చేయువారుండరు. నష్టపోవునది మన పిల్లలే.

బడి మాట వచ్చినది గనుక మరియొక సంగతి. భాషను బట్టి గాని మతమును బట్టి గాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనవచ్చునని మన రాజ్యాంగపు 30వ అధికరణము చెప్పుచున్నది. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ ప్రతిష్ఠానపు వ్యాజ్యములో సుప్రీంకోర్టుకు చెందిన 11 మంది న్యాయమూర్తులు, అల్పసంఖ్యాకులెవరన్నది రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెనని తీర్పు చెప్పిరి. హైదరాబాదులో అధికసంఖ్యాకుడైన తెలుగువాడు భివండీలో భాషాల్పసంఖ్యాకుడగుట ఇందువలననే. అయితే ఈ హక్కునకు ఒక హద్దు కలదు. 1958లోనే, కేరళ విద్యాబిల్లును పరిశీలించినప్పుడు, నిర్వహించు హక్కులో అస్తవ్యస్తము చేయు హక్కు చేరదని అదే న్యాయస్థానము అభిప్రాయపడినది. కావున లెక్కలు, తీర్మానములు సరిగా నుంచుకొనుట మన మర్యాదకు మాత్రమే సంబంధించినది కాదు. బడి మన చేతిలో నిలుచుటకే అది ఆధారము.

ఇక వేళను గూర్చి. మరమగ్గముల ఊరిలో పన్నెండేసి గంటల పాళీలు నడచును. పగటి పాళీవాడు సభకు రాగలిగినపుడు రాత్రి పాళీవాడు రాలేడు. వేసవిలో పెండ్లిండ్లకై సగము పేట స్వస్థలములకు పోవును. అప్పుడు సర్వసభ్య సమావేశము పెట్టినచో కనీసపు హాజరు కుదరదు. జూన్ నెలలో బడులు తెరచు సందడి. శ్రావణ పూర్ణిమకు మన కులమువారికి మార్కండేయుని పండుగ. షోలాపురములో ఆ దినమున జరుగు రథోత్సవమునకు ఇచ్చటివారును పోవుచుందురు. ఇవన్నియు ఉగాదినాడే ఒక గోడ పంచాంగముపై గుర్తు పెట్టుకొని, మిగిలిన దినములలో సభలు, ఆడిటు, చేంజి రిపోర్టు గడువు వేసికొనవలెను. జేబులో చిన్న పుస్తకమొకటి చాలును. దారిలో పెద్దలు చెప్పిన పని అందు వ్రాసి, రాత్రి పడుకొనుటకు ముందు ఏది తీరినది, ఏది తీరలేదో చూచుకొనవలెను. సెల్‌ఫోనులో వ్రాసినను మాకు అభ్యంతరము లేదు. కాని ఫోను పోయినచో సంఘము కూడ పోరాదు.

వ్రాత ఏ భాషలో నుండవలెనన్నది మన ఊరి ప్రత్యేక సమస్య. పెద్దలు తెలుగులో వ్రాసిరి. నేటి యువకులు ఇంట తెలుగు మాటలాడుదురు గాని, చదువునప్పుడు మరాఠీయో ఇంగ్లీషో వారికి సులభము. కచేరీలకు మరాఠీ కావలెను. మినిట్సు పుస్తకము తెలుగులోనే యుండవలెనని మా పట్టుదల. ముఖ్యమైన తీర్మానములకు మాత్రము ప్రక్కనే మరాఠీ అనువాదము వ్రాసి అధ్యక్షునిచే సంతకము చేయించినచో రెండు పనులును నెరవేరును. తాతలు వ్రాసిన తీర్మానమును మనుమడు చదువలేని సంఘమునకు బడి యుండి యేమి లాభము? తల్లిదండ్రులు ఇంటిలో పాత ఆహ్వానపత్రికలు, నివేదికలు పిల్లలచే పైకి చదివించుట ఇందులకు మంచి సాధనము. ఆడపిల్లలచే కూడ చదివింపవలెను; లెక్కల పుస్తకము వారి చేతిలో భద్రముగా నుండుట మేము చూచియున్నాము.

కాగితములు ఎచ్చట నుంచవలెను? క్రింది అరలో మాత్రము కాదు. 2005 జూలై 26న ముంబయిలోని శాంతాక్రుజ్ వద్ద ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఆ వానకు భివండీలోను వరద వచ్చి, లోతట్టు ఇండ్లు నీట మునిగినవి. కామ్వారీ నదికి చేరువనున్న పేటలవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నమోదు పత్రము, నియమావళి, స్థలపు దస్తావేజులు, ఆడిటు నివేదికలు - వీని నకళ్లు మరియొక ఇంటిలో కూడ ఉండవలెను.

కట్టకడపట బాధ్యత అప్పగించు దినమున్నది. ఎన్నికలో ఓడినవాడు కోపముతో పుస్తకములు ఇంటికి తీసికొనిపోవుట మన సంఘములలో తరచు జరుగునదే. దానికి మందు ముందే వేయవలెను. పదవి స్వీకరించిన నాడే కార్యదర్శి తనకందిన పుస్తకములు, తాళపుచెవులు, పాత్రలు, నగదు నిలువ అన్నిటిని ఒక కాగితముపై వ్రాసి, ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఇద్దరు సాక్షుల యెదుట సంతకములు చేయవలెను. దిగిపోవునాడు అదే కాగితమును ఎదుట నుంచుకొని, ఒక్కొక్క వస్తువునకు గుర్తు పెట్టుచు, రాబోవువానికి అప్పగింపవలెను.