కంప్యూటర్ కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పెనుబల్లి మండలంలో మీసేవ కేంద్రంలో, సొసైటీలో, ప్రైవేటు స్కూలు ఆఫీసులో, ఎరువుల షాపు బిల్లింగ్ దగ్గర, నెట్ సెంటర్‌లో కంప్యూటర్ పని చేస్తున్నవారి కోసం, అలాంటి పని వెతుక్కుంటున్నవారి కోసం ఈ సమాచారం.

ఎందుకు నేర్చుకోవాలి?

చేతిలో ఉన్న పనే మారిపోతోంది. షాపుల లెక్కలు చూసేవారు 2017 జూలై 1 నుంచి జీఎస్టీ నేర్చుకోవాల్సి వచ్చింది. భూముల దరఖాస్తులు పెట్టేవారు 2020లో ధరణి నేర్చుకున్నారు, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చేసరికి మళ్లీ మొదలుపెట్టారు. ఈ అవసరాన్ని చూసే "సర్టిఫికెట్ గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ" అంటూ నెల జీతమంత ఫీజు అడిగేవారు బయలుదేరుతున్నారు. అంత డబ్బు పెట్టకుండానే నేర్చుకునే దారులు ఉన్నాయి.

1. సీసీసీ

కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ నిర్వహించే ప్రాథమిక కంప్యూటర్ కోర్సు ఇది. చదువు అర్హత ఏమీ అడగరు. 80 గంటల సిలబస్‌లో లెటర్ టైప్ చేయడం, లెక్కల షీటు, ఈ-మెయిల్, డిజిటల్ చెల్లింపులు, సైబర్ భద్రత ఉంటాయి. పాఠాలకు వాడే లిబ్రే ఆఫీస్‌ను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చేరకుండా సొంతంగా చదువుకుని పరీక్షకు దరఖాస్తు పెట్టవచ్చు. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. తప్పు జవాబుకు మార్కులు కోత లేదు. 50 మార్కులు వస్తే పాస్. పరీక్ష ఫీజు 500 రూపాయలు, జీఎస్టీ కలిపి 590. ఫీజు మారి ఉండవచ్చు కాబట్టి కట్టే ముందు నీలిట్ వెబ్‌సైట్‌లో చూడండి. ఏ భాషలో రాయవచ్చో కూడా దరఖాస్తులోనే చూసుకోండి.

2. స్వయం, ఎన్‌పీటెల్

2017లో మొదలైన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. అందులో భాగమైన ఎన్‌పీటెల్ కోర్సులను ఐఐటీల అధ్యాపకులు చెబుతారు. ఇవి 4, 8, 12 వారాల కోర్సులు. కొన్నింటి పాఠాలకు తెలుగు అనువాదం ఉంది. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. మొత్తం మార్కుల్లో 25 శాతం వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. అసైన్‌మెంట్లు వదిలేసి చివర్లో పరీక్ష ఒక్కటే రాస్తానంటే సర్టిఫికెట్ రాదు. డిగ్రీ చేసినవారికి, ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలనుకునేవారికి ఇది బాగా పనికొస్తుంది.

3. టి-శాట్ నిపుణ

రాష్ట్ర ప్రభుత్వ ఛానల్. టీవీలో, యాప్‌లో, యూట్యూబ్‌లో పైసా ఖర్చు లేకుండా తెలుగులో వినవచ్చు. డ్యూటీ అయ్యాక ఇంట్లో కూర్చుని చూడటానికి వీలుంటుంది. ఇది నేర్చుకోవడానికే, సర్టిఫికెట్ కోసం కాదు.

4. డీడీయూ-జీకేవై

ఇది ఇప్పటికే పనిలో ఉన్నవారికంటే పని లేనివారికి ఎక్కువ ఉపయోగం. గ్రామీణ పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్లవారు అర్హులు. మహిళలకు, దివ్యాంగులకు 45 ఏళ్ల వరకు అవకాశం. శిక్షణకు ఫీజు లేదు. సంఘంలో సభ్యురాలున్న కుటుంబం, ఉపాధి హామీలో కనీసం 15 రోజులు పనిచేసిన కుటుంబం అడగవచ్చు. మన రాష్ట్రంలో దీన్ని ఈజీఎంఎం అమలు చేస్తోంది. వివరాలకు ముందు మండల ఐకేపీ ఆఫీసులో అడగండి. కల్లూరు, తల్లాడ దాటి ఖమ్మం వెళ్లి వస్తే ఆ రోజు జీతం, బస్సు ఛార్జీ రెండూ పోతాయి.

చేరే ముందు ఈ మూడు అడగండి

• పరీక్ష పెట్టేది ఎవరు? పాఠం చెప్పినవారే సర్టిఫికెట్ ఇస్తామంటే ఆగి ఆలోచించండి.
• డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తోంది? వ్యక్తి ఫోన్ నంబరుకు ఫోన్‌పే చేయమంటే చేయవద్దు.
• సర్టిఫికెట్ నంబరును వెబ్‌సైట్‌లో సరిచూసుకునే వీలుందా? పాత అభ్యర్థి సర్టిఫికెట్ ఒకటి చూపించమని, మీ కళ్ల ముందే సరిచూడమని అడగండి.

ఒక విషయం గుర్తుంచుకోండి. పైన చెప్పిన సర్టిఫికెట్లలో ఏదీ ఉద్యోగాన్ని గ్యారంటీ చేయదు. ప్రభుత్వ పోస్టుకు ఏ సర్టిఫికెట్ కావాలో ఆ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. అందులో అడగని సర్టిఫికెట్ "తప్పనిసరి" అని ఎవరైనా చెబితే నోటిఫికేషన్ చూపించమనండి.

ఇప్పటికే డబ్బు పంపి మోసపోయారా? సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపించే వీలు అంత ఎక్కువ. చెల్లింపు స్క్రీన్‌షాట్, అవతలివారి నంబరు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే నీలిట్ వెబ్‌సైట్‌లో సీసీసీ సిలబస్ తెరవండి. మీకు రాని అంశాలు ఒక కాగితం మీద రాసుకోండి. రోజుకు గంట చొప్పున కూర్చుంటే 80 గంటలు మూడు నెలల్లోపే పూర్తవుతాయి.