చలి వేకువలో డీజిల్ బండి

పుష్యమాసపు వేకువజామున, ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న అడిక్‌మెట్‌లో ఉష్ణోగ్రత ఒక్కొక్కప్పుడు 12 డిగ్రీల సెల్సియస్‌కు దిగుచుండును. పాత డీజిల్ వ్యాను మొరాయించునది అట్టి వేళలందే. కారణమేమి?

పెట్రోలు ఇంజనులో ఇంధనమును నిప్పురవ్వ అంటించును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగు వేడెక్కుట మనమెరుగుదుము. అట్లే ఇందు గాలి తన పరిమాణములో సుమారు 20వ వంతునకు అణగి, 500 డిగ్రీలకు పైగా వేడెక్కును. అందు చిమ్మిన డీజిల్ తనంత తానే మండును.

చలిలో లోహము ఈ వేడిని పీల్చుకొనును. నూనె చిక్కబడి, బ్యాటరీ బలము తగ్గి, ఇంజను మెల్లగా తిరుగును. అరిగిన రింగుల సందున గాలి జారిపోవును. కావున గ్లోప్లగ్గులున్న బండిలో తాళము త్రిప్పి, దీపము ఆరిపోవువరకు ఆగి, పిమ్మట స్టార్టరు త్రిప్పవలెను. ఒక్కమారు 10 సెకండ్లకు మించక, నడుమ అర నిమిషము విరామ మీయవలెను.

కాలిన ప్లగ్గునకు ఈథరు తగిలిన ప్రేలును, దానిని చిమ్మరాదు. టాంకు క్రింద మంట పెట్టరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడిపినచో కార్బన్ మోనాక్సైడు ప్రాణము తీయగలదు.

డీజిల్‌లోని మైనము గడ్డకట్టుట లడఖ్ వంటి చోట్ల సమస్య. అచ్చటికై 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ ప్రత్యేక డీజిల్‌ను తెచ్చినది. మనకు కావలసినవి మంచి బ్యాటరీ, పనిచేయు ప్లగ్గులు, కొంత ఓర్పు.