ఉడికినా పోని జీడి

పలాస జీడిపప్పు అనగానే ఊరంతటికీ తెల్లటి గుండు కళ్లముందు మెదులుతుంది. నందిగాం, టెక్కలి, ఉద్దానం వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లకి మాత్రం ముందు గుర్తొచ్చేది జీడి, చేతులు బొబ్బలెక్కించే నల్లటి జిడ్డు. పిక్క తొక్కలో తేనెపట్టు లాంటి చిన్న చిన్న గదుల్లో ఉంటుంది ఆ నూనె. తొక్క బరువులో సుమారు నాలుగో వంతు అదే. బ్రేకు లైనింగుల తయారీకి, రంగులకి, రెజిన్లకి కంపెనీలు దాన్ని డ్రముల్లో కొంటాయి. డ్రమ్ము మీద హెచ్చరిక బొమ్మ ఉంటుంది. పిక్క మీద ఏ బొమ్మా ఉండదు.

అపోహ: ఆవిరి పెడితే జీడి చచ్చిపోతుంది.
వాస్తవం: ఆవిరికి తొక్క పెళుసెక్కి పప్పు సులువుగా ఊడుతుంది, అంతే. జీడిలోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ లోపలే ఉండిపోతాయి. పిక్క పగలగానే వేళ్ల మీద చిందేవి అవే. కాగే నూనెలో వేయిస్తే ఆమ్లం చాలావరకు కార్డనాల్‌గా మారుతుంది గాని కార్డాల్ మిగులుతుంది. పైగా ఆ పొగ కళ్లనీ గొంతునీ వదలదు.

అపోహ: కొత్తలోనే బాధ, తర్వాత చెయ్యి అలవాటు పడిపోతుంది.
వాస్తవం: అరచేయి కాయలు కాయొచ్చు. మెడ, మోచేయి, కనురెప్ప కాయలు కాయవు గదా! జీడి రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. మొదటిది నేరుగా కాల్చడం. రెండోది ఎలర్జీ: ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత రవ్వంత తగిలినా దద్దుర్లే. అవి ఒకటి రెండు రోజులు ఆగి లేస్తాయి కాబట్టి తప్పు నిన్న తిన్న వంకాయ మీదికి పోతుంది. రజకులు బట్టల మీద గుర్తు వేసే నల్లజీడి, మామిడి సొన, జీడిపిక్కా ఒకే కుటుంబం. మామిడి సొన పడనివాళ్లు పిక్కల దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి.

అపోహ: ఆముదం రాసుకుంటే చాలు.
వాస్తవం: ఆముదం కాసేపు అడ్డుకుంటుంది. కానీ జీడి అందులో కలిసిపోతుంది కూడా. పాతది తుడిచి కొత్తది రాసుకోకుండా పొద్దంతా అదే చేత్తో కూర్చుంటే జీడినే పూసుకున్నట్టు. చిరిగిన గ్లౌజూ అంతే, లోపలికి దిగిన నూనెని చర్మానికి అదిమిపెడుతుంది. కిరోసిన్‌తో కడిగితే జిడ్డు పోయినట్టే ఉంటుంది, చర్మం మాత్రం మరింత పాడవుతుంది. పాత గుడ్డతో తుడిచి, సబ్బుతో, బోలెడు నీళ్లతో కడుక్కోవడమే మేలు.

అపోహ: ఇది పిక్కలు కొట్టేవాళ్ల బాధ మాత్రమే.
వాస్తవం: 1982లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జీడిపప్పు తిన్న 54 మందికి ఒంటి మీద దురద, దద్దుర్లు వచ్చాయి. పప్పులో తొక్క ముక్కలు కలవడమే కారణం. పప్పులో ముక్క కలిస్తే కొన్నవాడు సరుకు తిప్పి పంపిస్తాడు. కొంగుకంటిన జీడి మాత్రం సాయంత్రం చీరతో పాటే ఇంటికొస్తుంది, పరిగెత్తుకొచ్చిన బిడ్డ మొహం తుడిచేదీ ఆ కొంగే. షెడ్డులో గ్లౌజులతో పాటు బట్టలు మార్చుకునే గది, సబ్బున్న కుళాయి కూడా అడగండి.