సరళ వృక్షములను చంపు మీసాల పురుగు

మామిడి బోదె మొదట రంపపు పొట్టు రాలియుండుట మన రైతు సోదరులు చూచియే యుందురు. అది తొలుచు పురుగు చేయు పని. ఆ పురుగే పెరిగి పొడవైన మీసములు గల పెంకుపురుగగును. ఆ కుటుంబములోనివే మోనోకేమస్ అను పురుగులు కొన్ని సరళ వృక్షములను, అనగా పైను చెట్లను, ఆశ్రయించి బ్రతుకును. వాని కథ మనకును బుద్ధి గరపును గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

జపాను దేశమున నాగసాకి ప్రాంతమందు 1905 నాటికే పైను చెట్లు గుంపులుగా ఎండుట కనబడెను. ఎండిన చెట్లలో పురుగులుండుటచే నేరము వానిదేయని చాలకాలము తలచిరి. 1971లో కియోహరా, టోకుషిగే అను శాస్త్రజ్ఞులు నిజమును తేల్చిరి. చెట్టును చంపునది కంటికి ఆనని నులిపురుగు. దానిని మోసికొనిపోవునది మీసాల పురుగని మరుసటి యేడు తెలిసెను.

ఇది జరుగు విధ మెట్లన: పెంకుపురుగు లేత కొమ్మల బెరడును కొరికి తినును. ఆ గాయముగుండా నులిపురుగులు చెట్టులో చొచ్చి నీరెక్కు దారులను చెరచును. బంక కారుట మాని, ఆకులు పండి చెట్టు కొద్ది వారములలో ఎండును. అట్టి చెట్టు బెరడులోనే పెంకుపురుగు గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు కొయ్యలో చలికాలము గడపును. వేసవి మొదట పెంకుపురుగులై వెడలునప్పుడు, ఒక్కొక్కటి వేలకొలది నులిపురుగులను తన శ్వాసనాళములందు మోసికొనిపోవును. 1979లో జపానునందు సుమారు 24 లక్షల ఘనమీటర్ల కలప ఇట్లు నష్టమయ్యెను. 1999లో ఈ తెగులు పోర్చుగల్లులోను కనబడెను.

ఎండిన చెట్టును పురుగు వెడలకముందే నరికి కాల్చుట ముఖ్యమైన మందు. అయితే ఒకడు కాల్చి పొరుగువాడు ఊరకున్నచో ఫలమేమి? పురుగునకు గట్టు అడ్డము గాదు. ఇతర దేశములకు సరకు పంపు కొయ్యపెట్టెలను 56 డిగ్రీల వేడిలో 30 నిమిషములుంచుట వంటి కట్టుబాట్లును ఇందుకే యేర్పడినవి.

మన మామిడితోటలకు ఈ నులిపురుగు బాధ లేదు గాని, తొలుచు పురుగు బాధ కలదు. పొట్టు రాలు రంధ్రమును వెదకి, కొక్కెపు తీగతో పురుగును లాగి చంపి, కిరసనాయిలులో తడిపిన దూదిని దూర్చి, బంకమన్నుతో మూయవలెను. చచ్చిన కొమ్మలను తోటలో నిలువ యుంచరాదు. ఈ పనిని సంఘ సభ్యులందరు ఒక్క వారములోనే కలిసి చేసినచో ఊరి తోటలన్నియు బాగుపడును.